నా చేతిలో వాచీ
మంచుకొండల మీద కనుమ దాకా తీసే పరుగులో పన్నెండేళ్ళుగా రికార్డు నాదే. నా మోకాలు పాడయ్యాక, చెల్లెలికి నేర్పమని నాన్న స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టాడు. గాలి చాలక నేను కుక్కలా రొప్పిన ఎత్తులో, నా పాత బూట్లే వేసుకుని అది కూనిరాగం తీస్తూ ఎక్కేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే రోజూ దాని సమయానికి రెండు నిమిషాలు కలిపి చెప్పేదాన్ని. పిచ్చిది, నమ్మేసి మర్నాడు ఇంకా గట్టిగా పరిగెత్తేది.

ఇవాళ పోటీలో నా రికార్డును ఐదు నిమిషాల తేడాతో చెరిపేసింది. జనం చప్పట్లు కొడుతుంటే నమ్మలేనట్టు నేరుగా నా దగ్గరికొచ్చింది.

"వాళ్ళ వాచీ తప్పేమో అక్కా. నీ దాంట్లో ఎంతొచ్చిందో చెప్పు, అదే నమ్ముతాను."