గాలిపటానికి వేసిన కుట్లు

మేనబావ అనేవాడు ప్రతి ఇల్లాలికీ ఒకడు ఉంటాడనీ, వాడిని పట్టించుకోకపోవడమే మొగుడికి పెద్దరికం అనీ టైలర్ తనకు తాను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాడు. నచ్చజెప్పుకున్నంతసేపూ బాగానే ఉండేది. ఆ మేనబావ గుమ్మంలో అడుగుపెట్టిన మరుక్షణం పెద్దరికం కాస్తా ఆవిరైపోయేది.

ఈ బావ రేవులో క్రేన్ నడుపుతాడు. ఎత్తుకి ఎత్తు, మాటకి మాట. నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో లోకంలో ఎవరికీ పట్టలేదు గానీ, టైలర్‌కి మాత్రం మిషను తొక్కుతున్నంతసేపూ అదే ధ్యాస. పోనీ నోరారా తిట్టుకుందామా అంటే, వరసకి అన్నయ్య అయి కూర్చున్నాడు. "రా అన్నయ్యా" అని కుర్చీ వేయాలి. పైగా పెళ్ళాం తనను "మీరు" అంటుంది, వాడిని "నువ్వు" అంటుంది. మర్యాద తన వాటాకి వచ్చింది, చనువు వాడి వాటాకి పోయింది.

ఆ బావ ఒక ఆదివారం భుజాన సంచి వేసుకుని దిగాడు. అందులో ఉన్నది పవర్ కైట్. పిల్లలు మేడల మీద ఎగరేసే కాగితం గాలిపటం కాదు. రెండు దుప్పట్లంత గుడ్డ రెక్క, మనిషిని అమాంతం ఈడ్చుకుపోయే రకం.

"పొద్దస్తమానం ఆస్పత్రి కౌంటర్లో కూర్చుని నడుం పట్టేసిందన్నావుగా. సముద్రం ఒడ్డుకి రా, ఇది ఎగరేయడం నేర్పిస్తా" అన్నాడు మరదలితో.

ఆవిడ మొగుడి వంక చూసింది. వద్దంటే కుళ్ళు బయటపడుతుంది. "దానికేం, అందరం వెళ్దాం" అన్నాడు టైలర్, ఆ "అందరం" అన్న మాటని కాస్త ఒత్తి పలికి.

గాలి సంగతి క్రేన్ బావకి బాగా తెలుసు. గాలి ముదిరితే క్రేన్ ఆపెయ్యాలి, అది వాడి ఉద్యోగం. ఒడ్డుకి చేరగానే పిడికెడు ఇసుక తీసి వదిలి, అది ఎటు రాలుతోందో చూపించాడు. "గాలి ఎప్పుడూ నీ వీపుకి తగలాలి. ఇదొక్కటి మర్చిపోకు." రెక్కను వెల్లకిలా పరిచి, లేచిపోకుండా వెనక అంచు మీద ఇసుక పోయించాడు. లైన్లు, అంటే దాని తాళ్ళు, విప్పుకుంటూ గాలికి ఎదురు నడిపించాడు. ఎర్ర లైను ఎడమ చేతికి, నీలం లైను కుడి చేతికి. లైను కొసకి ఉచ్చు ఎలా వేయాలో, ముడి దాటించి ఎలా బిగించాలో చెప్పాడు. రెండు లైన్లూ ఇసుకలో దిగేసిన మేకుకి తగిలించి లాగి, పొడుగు సమానంగా ఉందో లేదో చూడమన్నాడు. ఎక్కువ లాగిందనిపిస్తే చేతిలో పిడులు వదిలెయ్యమన్నాడు. మణికట్టుకి పట్టీ ఉంది కాబట్టి కైట్ ఎక్కడికీ పోదట. ఆవిడ ప్రతి మాటకీ బుద్ధిగా తలూపుతోంది. మొగుడు ఒక్క గుండీ కుట్టడం నేర్పినప్పుడు మాత్రం నాలుగు ఎదురు ప్రశ్నలు వేసిన మనిషి!

ఆవిడ వెనక్కి రెండడుగులు వేసి లాగింది. గుడ్డ ఒక్కసారి బుస్సుమని పొంగి పైకి లేచింది. అంతే, ఆవిడ కూడా దాని వెంటే పోయి మోకాళ్ళ మీద ఇసుకలో పడి, పడ్డచోటే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు టైలర్ ఎప్పుడు విన్నాడో అతనికే గుర్తులేదు. తను తెప్పించని నవ్వు కదా, ముల్లులా గుచ్చుకుంది.

రెండోసారి బావ ఆవిడ వెనక నిలబడి నడుముకి కట్టిన బెల్టు పట్టుకున్నాడు. "బరువు చాలడం లేదు, నేను ఆపుతా. ఎదురుగా మధ్యలో ఉంటే లాగుడెక్కువ. పక్కకి తిప్పు, నీరసపడుతుంది. ఆఁ, అదీ! తమ్ముడూ, నువ్వా సంచి కాస్త పట్టుకో, ఎగిరిపోతుంది."

తమ్ముడు సంచి పట్టుకున్నాడు. ఆ ఆదివారమూ పట్టుకున్నాడు, తర్వాతి ఆదివారమూ పట్టుకున్నాడు. కడుపులో మంట, చేతిలో ఖాళీ సంచి, మొహాన ఒక వెర్రి నవ్వు. రాత్రి అన్నానికి కూర్చుంటే ఆవిడ నోట గాలి, లైన్లు, బావ. "బావ ఏమన్నాడో తెలుసా?" అని మొదలెడితే టైలర్‌కి ముద్ద దిగేది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనను చూసి "అబ్బ!" అనిపించుకోవాలి. వాడి ముందు అనిపించుకోవాలి. బతుక్కి ఇంకేం అక్కర్లేదనిపించింది.

ఆ అదృష్టం మూడో ఆదివారం తలుపు తట్టింది. కైట్ తలకిందులుగా వచ్చి నేలకి కొట్టుకుని, పక్క అంచు బెత్తెడు చిరిగింది. బావ తెల్లమొహం వేశాడు. ఆవిడ దాన్ని మడిచి మొగుడి చేతిలో పెట్టింది. "ఇది మీ పని. మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు."

మర్నాడు ఆవిడ ఆస్పత్రికి వెళ్ళగానే టైలర్ షాపులో బల్ల ఖాళీ చేసి గుడ్డ పరిచాడు. కుట్టాల్సిన జాకెట్లు మూలకి పోయాయి. చిరుగు కలిపి కుట్టేశాడు. ఎక్కడ చిరిగిందో కుట్టినవాడికే దొరకనంత సన్నంగా. తృప్తిగా ఒళ్ళు విరుచుకుని ముందు అంచు వైపు చూశాడు, చూసి నోరు వెళ్ళబెట్టాడు. ఆ అంచు పొడుగునా వరసగా కన్నాలు! రెక్క పై పొరా కింది పొరా కలిపి కుట్టాల్సిన చోట కుట్టకుండా వదిలేశారు. "ఓరి మీ దుంపతెగ, ఇంత ఖరీదు పెట్టి కొంటే సగం పనా?" అని కంపెనీవాళ్ళని తిట్టుకున్నాడు. తర్వాత సంతోషం ముంచుకొచ్చింది. ఇంత తప్పు బావ కళ్ళ ముందే ఉండి వాడికి కనబడలేదు! మిషను మీద కాకుండా చేత్తో, పెళ్ళిబట్టలకి వేసే కుట్టుతో, ఒక్కొక్క కన్నమూ మూసుకుంటూ వచ్చాడు. చెప్పకూడదనుకున్నాడు. ఆదివారం అది ఎన్నడూ లేనట్టు ఎగిరాక, అప్పుడు చెప్పాలి.

ఆదివారం అది లేవలేదు.

ఆవిడ లాగింది. గుడ్డ ఇసుకలో రెండడుగులు పాకి బోర్లా పడింది. లైన్లు చూసుకుంది, గాలి చూసుకుంది, మళ్ళీ లాగింది. తడిసిన దుప్పటి కూడా అంతకంటే హుషారుగా కదులుతుంది. బావ వెళ్ళి ముందు అంచు ఎత్తి చూసి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"ఎవడో పుణ్యాత్ముడు దీని నోళ్ళన్నీ కుట్టేశాడే! గాలి దూరేదే వీటిల్లోంచి. ఇవి మూసేస్తే ఇంకెక్కడ పొంగుతుందీ?"

నవ్వుతూనే టైలర్ మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. "తమ్ముడూ, నేను రావడం నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాడు నెమ్మదిగా.

టైలర్ లోపల లెక్క వేసుకున్నాడు. తెలియక కుట్టానంటే, గుడ్డలో ఏది ఉంచాల్సిన కన్నమో ఏది మూయాల్సిన కన్నమో తెలియని టైలర్‌నని వీడి ముందు ఒప్పుకోవాలి. అంతకంటే కుళ్ళుబోతు అనిపించుకోవడమే నయం.

"అవును, కావాలనే కుట్టాను. ఒళ్ళు మండి కుట్టాను" అన్నాడు.

బావ చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు. నీళ్ళు తాగొస్తానని దూరంగా ఉన్న కొట్టు వైపు నడిచాడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. తిట్టడానికే నోరు తెరిచింది. అంతలో ఏం తోచిందో ఇసుకలో కూర్చుని అంచు ఒళ్ళోకి లాక్కుంది. రోజూ సాయంత్రం షాపులో కాజాలూ హెమ్మింగూ చేసే చెయ్యి అది. కుట్ల మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించింది.

"కోపంలో ఉంటే మీ కుట్టు బారెడేసి పడుతుంది. అవి విప్పి మళ్ళీ వేసేది నేనే" అంది. "ఇవి కోపంతో వేసినవి కావు. తెలియక కుట్టారు కదూ?"

టైలర్ జేబులోంచి చిన్న కత్తెర తీసి ఆమె ఎదురుగా కూలబడ్డాడు. తలెత్తకుండా ఊఁ అన్నాడు.

"ప్రతివారం వచ్చారు కదండీ. అది పొంగేటప్పుడు గాలి ఎట్నుంచి పోతోందో చూడలేదా?"

"నేనటు చూడలేదు."

"మరెటు చూశారు?"

టైలర్ కత్తెర మొన ఒక కుట్టు కింద దూర్చాడు. ఆవిడ చెయ్యి ఆవిడకే తెలియకుండా నడుముకి, బావ పట్టుకునే బెల్టు మీదకి పోయి ఆగింది. ఆవిడ అంచు బిగించి పట్టుకుంటే అతను కుట్లు కత్తిరిస్తున్నాడు.

"అన్నయ్యకి చెప్పకు" అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు. "నన్ను ఏమన్నా అనుకోనీ. పని రానివాడు అనుకోకూడదు."

బావ తిరిగొచ్చి కాస్త దూరంలోనే నిలబడ్డాడు. "వెళ్ళిపోమంటే వెళ్ళిపోతాను. ఇద్దరూ మొహమాటపడకండి."

"ఎందుకెళ్ళడం? కూర్చో బావా" అంది ఆవిడ. "కావాలనే కుట్టారట. నువ్వు నాకు నేర్పుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారట. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఈయనకి నా మీద ఇంత పిచ్చి ఉందని నాకే తెలీదు."

ఆ అబద్ధాన్ని ఆవిడ కొత్త నగ చూపించినంత గొప్పగా చెప్పింది. బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గుడ్డకి చెరో పక్కన కూర్చున్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అదృష్టవంతుడివి తమ్ముడూ" అన్నాడు.

ఆ గొంతులో ఉన్నదేమిటో టైలర్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇన్ని వారాలుగా దాన్ని గొంతులోనే దాచుకుని మింగుతున్నవాడు తను. గెలిచినందుకు ఎగిరి గంతేయాలి. గంతేయాలనిపించలేదు. ఆ మనిషి ఇంకా పెళ్ళెందుకు చేసుకోలేదో ఇక ఎప్పటికీ అడగకూడదనుకుని, తల వంచుకుని మిగిలిన కుట్లు విప్పసాగాడు.