మాస్టారి మతిమరుపు జీను

డ్రైవింగ్ మాస్టారు ఉమ్మిన ఉమ్మి కొన్ని వారాల తర్వాత ఫలితమై ఫోన్లోకి వచ్చింది. మన పూర్వీకులు ఎక్కడివాళ్లో తెలుసుకుందామని కూతురు సరదాపడి ఆ డీఎన్‌ఏ కిట్టు తెచ్చిచ్చింది. పూర్వీకుల సంగతి చూసి ఆయన ఆవలించాడు. ఆరోగ్యం పేజీ దగ్గర మాత్రం ఫోను, "ఇది నిజంగా చూడాలనుకుంటున్నారా? ముందు ఈ వివరాలు చదవండి" అని అడిగింది. చదవకుండానే నొక్కేశాడు.

"ఏమోయ్, నాకు అల్జీమర్స్ జీను ఉందట! ఏపీవోఈ-ఫోర్. ఆ జబ్బు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువట!"

కుట్టుమిషను మీదున్న ఆయన భార్య కాలు ఆగిపోయింది. పైకి మాత్రం, "అవకాశమే కదండీ" అంది.

ఆ మాట మాస్టారికి బాగా నచ్చింది. వచ్చిన అవకాశాన్ని వదులుకునే రకం కాదాయన. మర్నాడు కరెంటు బిల్లు కట్టలేదేమని అడిగితే తల మీద వేలుతో కొట్టుకుని, "జీను" అన్నాడు. తడిబట్టలు ఆరేయకపోతే జీను. తోడల్లుడి వేణువు కచేరీకి వెళ్లకపోతే మహా జీను. శిష్యుల ముందు మాత్రం ఏ మలుపులో ఎవడు ఎప్పుడు గుద్దాడో పొల్లుపోకుండా చెప్పేవాడు.

భార్య మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకరోజు భోజనాల దగ్గర తాపీగా అంది.

"నా కుట్టుషాపుకి రంగు ఎప్పుడు మొదలుపెడుతున్నారు?"

"ఏం రంగు?"

"అదేమిటండీ! మీరే వేస్తానని నిన్న మాటిచ్చారుగా? గుర్తులేదూ?"

మాస్టారు లోపల లెక్క వేసుకున్నాడు. గుర్తుంది, నేనలా అనలేదు అంటే ఇన్నాళ్ల నాటకం బయటపడుతుంది. గుర్తులేదు అంటే రంగు వెయ్యాలి. అడ్డంగా దొరికిపోయిన మనిషి బ్రష్షు పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడకి ఆపబుద్ధి కాలేదు. మరదలికి కారు నేర్పుతానన్నారుగా అంది. రెండు పాఠాలకే ఆ మరదలు చెత్తకుండీని పల్టీ కొట్టించి, "బావా, నువ్వేగా ధైర్యంగా తొక్కమన్నావు!" అని నిలదీసింది. మీసం తీసేస్తానని మాటిచ్చారు అంటే అదీ తీసేశాడు. కూతురు గుమ్మంలో తండ్రిని చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

నవ్వులు అక్కడిదాకా బాగానే ఉన్నాయి. తర్వాత ఆయన మాట తగ్గిపోయింది. ఒక పొద్దున స్నానాలగదిలోంచి గొణుగుడు వినిపిస్తే భార్య తలుపు దగ్గర ఆగింది. లోపల ఆయన ట్రాఫిక్ గుర్తుల పేర్లు ఒక్కొక్కటే అప్పజెప్పుకుంటున్నాడు. ఒకచోట తడబడి, మళ్లీ మొదటికి వెళ్లాడు.

ఆవిడ ఈరోజే నిజం చెప్పేద్దాం అనుకుంది. కానీ షాపులో ఇంకో గోడ మిగిలింది. అదొక్కటీ అయ్యాక చెబుదాం అనుకుంది.

గోడ సగంలో ఉండగానే కూతురు వచ్చి, "నాన్న రహస్యంగా నాతో అపాయింట్‌మెంట్ తీయించుకున్నారమ్మా. జీన్ల సంగతి వివరించే డాక్టరమ్మట. నువ్వూ రా" అంది.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. "మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఒక కాపీ వచ్చింది, అంతే. దీనివల్ల ముప్పు కొంత పెరుగుతుంది. జబ్బు వస్తుందని కాదు, వచ్చిందని అసలే కాదు. ఇది ఉండి కూడా చివరిదాకా చక్కగా ఉన్నవాళ్లు బోలెడుమంది. లేకపోయినా జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. అయినా ఇంటి కిట్టు మాటను ఆసుపత్రి ల్యాబులో మరోసారి సరిచూసుకోవాలి. ఇంతకీ ఈమధ్య ఏమైనా మర్చిపోతున్నారా?"

మాస్టారు తల వంచుకున్నాడు. "బిల్లులూ అవీ నేను కావాలనే ఎగ్గొట్టానమ్మా. అది నాటకం. కానీ తర్వాత నిజంగానే మొదలైంది. ఇచ్చిన మాటలు ఒక్కటీ గుర్తుండటం లేదు. రంగు వేస్తానన్నానట. మరదలికి కారు నేర్పుతానన్నానట. ఎంత తవ్వుకున్నా ఆ మాటలు దొరకటం లేదు."

భార్య తేలు కుట్టిన దొంగలా పైకప్పు వంక చూసింది. ఇక ఉండలేకపోయింది.

"మీరు ఇవ్వలేదండీ."

"ఏమిటి?"

"ఏ మాటా ఇవ్వలేదు. అన్నీ నేనే కల్పించాను."

"మీసం?"

"మీసం కూడా."

డాక్టరమ్మకు ఉన్నట్టుండి కిటికీలోంచి ఏదో చూడాల్సిన పని పడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కోప్పడదామని మాస్టారు చెయ్యెత్తాడు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, పగలబడి నవ్వేశాడు. "నా బుర్ర బాగానే ఉందన్నమాట! పెళ్లాం బుద్ధే బాగాలేదు!"

"తప్పైపోయిందండీ" అంది ఆవిడ. ఆయన చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

అప్పటిదాకా నవ్వుతున్న కూతురు ఆగి అడిగింది. "మరి నాకూ ఉండే అవకాశం ఉందా?"

"మీ నాన్నగారి నుంచైతే సగానికి సగం" అంది డాక్టరమ్మ. "చూసుకోవడం, మానడం మీ ఇష్టం. తొందర లేదు. చూశాక మాత్రం చూడనట్టు ఉండటం కుదరదు."

కూతురు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడైతే వద్దండీ. ఎప్పుడైనా చూడాలనిపిస్తే ముందు మీ దగ్గరికే వస్తాను."

ల్యాబు పరీక్ష కూడా అదే చెప్పింది. ఒక కాపీ. బీపీ అదుపులో ఉంచుకోమని, బాగా నిద్రపొమ్మని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. మొగుడూ పెళ్లాలు పొద్దున్నే నడుస్తున్నారు. ఎటువైపు వెళ్లాలన్న దగ్గర మొదలై, ఇల్లు చేరేదాకా పోట్లాట. వీధిలో వాళ్లు ఇప్పుడు అలారం పెట్టుకోవడం మానేశారు.