రెండో పిడికిలి

పోశం అన్నల దళంలో కలిసి రెండేళ్లయింది. అప్పటినుంచి కథలాపూర్‌లో అతని భార్య లసుమవ్వ గడప ఎవరూ తొక్కలేదు. తొక్కితే మర్నాడే తమ ఇంటి ముందు పోలీసు జీపు ఆగుతుందని భయం. వదినా, అక్కా అని నోరారా పిలిచినవాళ్లే ఎదురైతే మొహం తిప్పుకునేవారు. పాడు లోకం! చర్చిలో కూడా పక్కవాళ్లు చాప చివరికి జరుగుతుంటే, ఈ వానాకాలం నుంచి ఆమె ప్రార్థనకు పోవడమే మానేసింది. దేవుడూ తనను మరిచిపోయాడనుకుంది.

ఆమెను మనిషిలా పలకరించింది ఆమె చుట్టిన బీడీలను కార్ఖానాలో తీసుకునే విఠల్ ఒక్కడే. పెళ్లాం ఉన్నవాడే. "ఎన్ని రోజులు గిట్ల ఒక్కదానివే ఉంటవ్? ఆదివారం పొద్దుగాల బస్సుకు రా. కోరుట్లల ఇల్లు చూసి పెట్టిన" అన్నాడు. తప్పని ఆమెకు తెలుసు. కానీ తనను రమ్మనే మాట విని ఎన్నాళ్లయిందో!

ఆదివారం చీరలు మూట కట్టుకుంది. ఆ చర్చికి పోయే ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు బియ్యం కుండలో వేస్తారు. వాటిని చర్చిలో పేదవాళ్లకు పంచుతారు. ప్రార్థన మానినా లసుమవ్వ చెయ్యి ఆ అలవాటు మానలేదు. దేవుడి బియ్యం ఇంట్లో వదిలేసి పోతే ఇంకో పాపమని, కుండ నెత్తిన, మూట చంకన పెట్టుకుని ముందు చర్చికి వెళ్లింది.

వాకిలి ఊడుస్తున్న ముసలి భూమవ్వ మూటను చూసింది. చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"బిడ్డా, నువ్వు ప్రార్థనకు అచ్చుడు బంద్ చేసినకాడికెల్లి నేను రెండు పిడికిళ్లు ఏస్తున్న. ఒకటి నా పేర, ఒకటి నీ పేర. ఏసినప్పుడల్లా, లసుమవ్వను కాపాడు దేవా అని మొక్కిన. నీ గడప తొక్కుటానికి మాత్రం భయమైంది. నన్ను మాఫ్ చెయ్యి."

లసుమవ్వకు దుఃఖం పొంగుకొచ్చింది. తనకెవరూ లేరని ఏడ్చిన ప్రతి పూటా ఈ అవ్వ తన పేరు దేవుడి ముందు పలుకుతూనే ఉందన్నమాట!

"అవ్వా, నేను మంచి పనికి పోతలేను" అంటూ కుండ దించి కూలబడింది.

"నాకెరుక. లెవ్వు."

భూమవ్వ ఆ మూటను తన నెత్తిన పెట్టుకుని, లసుమవ్వ చెయ్యి పట్టుకుంది. అవతల కోరుట్ల బస్సు కదిలిపోయింది. ఇద్దరూ లసుమవ్వ ఇంటి దారిలో ఉన్న పోలీసు క్యాంపు ముందు నుంచే నడిచారు.

"ఎవరింటికే ముసల్దానా?" అని గేటు దగ్గరి జవాను గద్దించాడు.

"నా బిడ్డ ఇంటికి" అంది భూమవ్వ. లసుమవ్వ చేతిని వదలకుండానే ముందుకు నడిచింది.