కొలవకుండా ఇచ్చిన సైకిలు

హబీబుల్లాకు సైకిళ్ళ సంగతి తెలియదని ప్రొద్దుటూరులో ఎవరూ అనరు. కువైట్‌లో ఒక పెద్ద క్రీడా సామాన్ల అంగడిలో ఏళ్ళ తరబడి సైకిళ్ళు బిగించి, మనిషికి తగ్గట్టు సరిచేసి ఇచ్చిన చెయ్యి అతనిది. తిరిగొచ్చి మైదుకూరు రోడ్డులో సొంతంగా అంగడి పెట్టుకున్నాడు. అందుకే లక్ష్మీప్రియ విషయంలో జరిగింది తెలియక జరిగిందని తనకు తాను కూడా చెప్పుకోలేకపోయాడు.

ఆ పిల్ల తండ్రి ఓబులయ్యది వేముల. గొర్రెలు మేపే ఇల్లు, ఈ మధ్య కొంచెం చీనీ, అంటే బత్తాయి తోట కూడా పెట్టారు. లక్ష్మీప్రియ పులివెందులలో డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి పాత సైకిలు మీద మంద వెంట రాళ్ళగుట్టలు ఎక్కి దిగిన పిల్ల. కాలేజీలో ఆటల మాస్టారు సుధీర్ ఆమె తొక్కడం చూసి, గండికోట దగ్గర జరగబోయే కొండ సైకిళ్ళ పోటీకి పేరు రాయించాడు. మంచి సైకిలు కావాలని తండ్రీకూతుళ్ళు బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చారు.

"రాళ్ళల్లో పోయే సైకిలంటప్పా. నాకేం తెలీదు. నువ్వే చూసియ్యి," అన్నాడు ఓబులయ్య, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ.

హబీబుల్లా ఉత్సాహంగానే చూపించాడు. అద్దం వెనక నిలబెట్టిన నల్లటి సైకిలు ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలది. చక్రం పెద్దదైతే రాయి అడ్డమొచ్చినా దాటుకుని పోతుంది, సాఫీ దారిలో వేగం నిలుస్తుంది. లోపల గోడకు ఇంకొకటి ఉంది, ఇరవై ఏడున్నరది. అది మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది, పొట్టి మనుషులకు చేతికీ కాలికీ అందుతుంది. చక్రం ఒక్కటే చూసుకుంటే చాలదు, ఫ్రేము కూడా మనిషికి సరిపోవాలని చెప్పాడు. సైకిలు మీద రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించి నిలబడితే, పై రాడ్డుకూ మనిషికీ మధ్య బెత్తెడు సందైనా ఉండాలి. అట్లా లేకుంటే ఆగాల్సిన చోట ఆగలేరు.

"అయితే ఈ పాపకు ఏది సరిపోతాదో కొలిచి చెప్పప్పా," అన్నాడు ఓబులయ్య.

హబీబుల్లా టేపు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగిపోయాడు.

కొలిచే పద్ధతి అతనికి బాగా తెలుసు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడాలి. రెండు కాళ్ళ మధ్య అట్ట పుస్తకం పెట్టి, ఒంటికి తగిలేదాకా పైకి జరపాలి. దాని పై అంచు నుంచి నేలదాకా కొలవాలి. కువైట్ అంగడిలో ఆడవాళ్ళను కొలవడానికి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. ఇక్కడ బల్ల మీద తెలిసినవాళ్ళు కూర్చుని టీ తాగుతున్నారు. పంక్చరు కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. ఎదురుగా వయసొచ్చిన పిల్ల, పక్కన ఆమె తండ్రి.

ఇల్లు అంగడి వెనకే. భార్య మైమూన్‌ను కేకేస్తే వచ్చి కొలిచేది. ఆడవాళ్ళు వచ్చినప్పుడు అంగట్లో కూర్చుంటానని ఆమె చాలాసార్లు అడిగింది. నలుగురూ నవ్వుతారని హబీబుల్లాయే వద్దన్నాడు. ఇప్పుడు ఆ నలుగురి ముందే ఆమెను పిలవడానికి అతనికి నోరు రాలేదు. ఆ పిల్లను పుస్తకం పెట్టుకోమని చెప్పడానికీ నోరు రాలేదు. టేపు జేబులో వేసుకున్నాడు.

"కొలిచే పనేముంది? నా కన్నే టేపు. ఆ నల్లదాని మీద ఒకసారి నిలబడమ్మీ," అన్నాడు.

లక్ష్మీప్రియ ఐదడుగులకు తక్కువే. సైకిలును ఒక పక్కకు వంచి కాలు దాటించింది. నిటారుగా పెట్టేసరికి మడమలు లేచాయి. మునివేళ్ళ మీద నిలబడి, మెరిసే ఆ ఫ్రేమును చూసుకుని మురిసిపోయింది. తర్వాత కొంచెం అనుమానంగా అడిగింది.

"పొడుగనిపిస్తాంది మామా. కాలు సరిగ్గా ఆనడంల్యా."

"కొత్తలో అట్లే ఉంటాది. సీటు దించుతాలే. నాలుగు దినాలు తొక్కితే అలవాటైపోతాది."

సీటు దించినా పై రాడ్డు దిగదు. ఆ మాట అంటున్నప్పుడే అతనికి అది తెలుసు. బల్ల మీదున్నవాళ్ళు మాత్రం సైకిలు బాగుంది, బాగుందని తలలూపారు. ఓబులయ్య దాన్ని బస్సు మీద కట్టించుకుని కూతురితో వెళ్ళిపోయాడు.

చలికాలంలో పోటీ జరిగింది. జమ్మలమడుగు నుంచి గండికోట పోయే దారి పక్కన, గుట్టల మీద గుర్తులు పెట్టి బాట వేశారు. నిర్వాహకులు పిలిస్తే హబీబుల్లా రిపేరు సామాను తెచ్చుకుని ఒక దిగుడు మలుపు దగ్గర గుడారం వేసుకున్నాడు. గుడారానికి తన అంగడి పేరున్న గుడ్డ కట్టాడు.

లక్ష్మీప్రియ ముందున్నవాళ్ళలోనే వచ్చింది. ఎక్కుడులో మగపిల్లలను కూడా దాటిందని అప్పటికే అక్కడ అనుకుంటున్నారు. దిగుడు మొదట్లో ఆమె ముందున్న కుర్రాడు జారి బాటకు అడ్డంగా పడ్డాడు. ఆమె బ్రేకు పట్టింది. సైకిలు ఆగింది. దిగుడు పక్కకు కాలు చాపింది. పాదం కింద నేల దొరకలేదు. ఒంటి బరువంతా ఆ పై రాడ్డు మీద పడింది, ఆ వెంటనే సైకిలుతో సహా రాళ్ళ మీదకు ఒరిగిపోయింది.

హబీబుల్లా అందరికన్నా ముందు చేరుకున్నాడు. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు మోకాళ్ళూ దగ్గరికి ముడుచుకుని, పెదవి కరిచిపట్టింది. ఎక్కడ తగిలిందని సుధీర్ అడిగితే మణికట్టు చూపించింది. మణికట్టు నిజంగానే వాచింది. అసలు దెబ్బ ఎక్కడో హబీబుల్లాకు తెలుసు. అంతమంది మగవాళ్ళలో ఆ పిల్ల అది చెప్పదనీ తెలుసు.

"అంత బాగా వచ్చి ఈడ భయపడితే ఎట్లమ్మా?" అన్నాడు సుధీర్. తిట్టాలని కాదు, ఆశపడ్డవాడి నిరాశ అది. "కాలు పెట్టి నిలబడుకోవాల కదా."

"అందల్యా సార్. నా కాళ్ళే పొట్టివి. నాకు ఈ ఆట పనికిరాదు."

చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తల దించుకుంది.

హబీబుల్లా అప్పుడు ఆమె సైకిలు పట్టుకునే ఉన్నాడు. తప్పు పిల్లది కాదు, ఈ సైకిలుది, ఇచ్చిన నాది. ఇంత చిన్న మాట. గొంతు దాకా వచ్చింది. వెనకాల తన అంగడి పేరు గాలికి కొట్టుకుంటోంది. నిర్వాహకులు పక్కనే ఉన్నారు. అతను వంగి హ్యాండిలు సరిచేస్తున్నట్టు నటించాడు.

లక్ష్మీప్రియ కుంటుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. "సైకిలుకేం కాల్యా కదా మామా? మా నాయన శానా ఇష్టపడి కొనిచ్చినాడు," అంది.

"ఏం కాల్యా అమ్మీ," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. మైమూన్ పోటీలో ఏం జరిగిందని అడిగింది. అతను మొదట పిల్ల పడిందన్నాడు. తర్వాత, ఒక్కో మాటా పెరుక్కుంటున్నట్టు, మొత్తం చెప్పాడు. టేపు జేబులో వేసుకున్నది కూడా చెప్పాడు.

మైమూన్ గిన్నె మూత పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను గోడకవతలే ఉన్నాను. ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని. నన్ను పిలిస్తే నీ పరువు పోతుందనుకున్నావు. ఆ పిల్లకు దెబ్బ తగిలింది, పైగా తన కాళ్ళను తానే తిట్టుకుంటోంది. పొద్దున్నే వేములకు పోదాం. నేనూ వస్తాను."

తెల్లారి బస్సులో పులివెందుల దాకా, అక్కడి నుంచి ఆటోలో వేములకు పోయారు. దారంతా హబీబుల్లా చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాడు. ఇల్లు కనబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

నల్ల సైకిలు గొర్రెల దొడ్డి పక్కన గోనెసంచి కప్పుకుని ఉంది. లక్ష్మీప్రియ తల్లి మహాలక్ష్మమ్మ మంచం వాల్చింది, మజ్జిగ తెచ్చింది. ఓబులయ్యకు వాళ్ళు పలకరించడానికి వచ్చారనిపించింది. పొంగిపోయాడు.

"ఇంత దూరం వచ్చినారే! చూడప్పా, ఆ యమ్మి ఇంగ సైకిలు ఎక్కనంటాంది. నువ్వన్నా చెప్పు. మంచి సైకిలు పెట్టుకుని ఇంట్లో కూసుంటే ఎట్ల?"

హబీబుల్లా మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. "అది మంచి సైకిలే ఓబులయ్యా. పాపకు మంచిది కాదు. దాని ఫ్రేము పాపకు పెద్దది. నేను కొలవకుండా ఇచ్చినా."

"కొలవకుండా యాలిచ్చినావు? కొలవమని నేనే అంటి కదా."

"అంగట్లో మంది ఉండారు. ఆడపిల్లను కొలవాలంటే సిగ్గయింది."

ఓబులయ్య మొహంలో పొంగు దిగిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "సరే, ఆపొద్దు సిగ్గయింది. నిన్న ఆడ పడినప్పుడు నువ్వు పక్కనే ఉంటివంట కదా. పాప సైకిలు ఎట్లుందని నిన్నే అడిగిందంట. అప్పుడెందుకు చెప్పల్యా?"

"అప్పుడు కూడా సిగ్గే," అన్నాడు హబీబుల్లా. ఆ మాట తన చెవులకే ఎంత నీచంగా వినబడిందంటే తల ఎత్తలేకపోయాడు.

వాకిలి దగ్గర నిలబడి వింటున్న లక్ష్మీప్రియ ముందుకు వచ్చింది. మణికట్టుకు కట్టు ఉంది.

"నీకు సిగ్గయింది. మరి నాకు మామా? అంతమంది ముందర నా కాళ్ళు పొట్టివని నేనే చెప్పుకుంటి. యాడ తగిలిందో డాక్టరుకు కూడా చెప్పల్యా. రాత్రంతా నొప్పితో ఏడిస్తే, మా అమ్మ చేతి నొప్పనుకునింది. నేను చేతగానిదాన్ని అనుకుంటి." "పొడుగుందని నేను చెప్తే, అలవాటైపోతాదంటివి."

మహాలక్ష్మమ్మ నిర్ఘాంతపోయి కూతురి దగ్గరికి వెళ్ళింది. మైమూన్ లేచి, "రామ్మా, లోపల మాట్లాడుకుందాం," అని ఇద్దర్నీ ఇంట్లోకి తీసుకుపోయింది. వాకిట్లో మగవాళ్ళిద్దరూ మిగిలారు. ఓబులయ్య లేచిపోయి గొర్రెల తొట్టిలో నీళ్ళు పోశాడు. తిట్టినా, చెయ్యి చేసుకున్నా హబీబుల్లాకు కొంచెం ఊపిరి ఆడేది.

వాళ్ళు బయటికి వచ్చేసరికి మైమూన్ కొలత తీసి ఉంది. ఆమె చెప్పిన కొలత విని హబీబుల్లా కళ్ళు మూసుకున్నాడు. తను ఇచ్చిన ఫ్రేము పై రాడ్డు అంతకన్నా మూడంగుళాలు ఎత్తు.

"రేపే ఇరవై ఏడున్నరది తెచ్చిస్తా. చిన్న ఫ్రేము. ఇది తీసుకపోతా," అన్నాడు.

"ముందు పాపను పులివెందుల్లో డాక్టరమ్మకు చూపించాల," అంది మైమూన్. మహాలక్ష్మమ్మ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

లక్ష్మీప్రియ హబీబుల్లా వైపు తిరిగింది. "సైకిలు మార్చితే సరిపోదు మామా. ఈ మాట మా సార్‌కు చెప్పాల. ఆడ నవ్వినోళ్ళు మా కాలేజీ పిల్లోళ్ళే. వాళ్ళు ఉన్నప్పుడే చెప్పాల."

అతను ఒప్పుకున్నాడు.

డాక్టరమ్మ భయపడాల్సిందేం లేదంది. కట్టు విప్పేదాకా తొక్కకూడదంది. కట్టు విప్పాక ఒక సాయంత్రం, చిన్న ఫ్రేము సైకిలు ఆటోలో వేసుకుని హబీబుల్లా పులివెందుల కాలేజీ మైదానానికి పోయాడు. ఓబులయ్య బస్సు మీద పంపించిన నల్ల సైకిలు అప్పటికే గేటు పక్కన ఆనించి ఉంది. పిల్లలు పరుగులు తీసి వచ్చి నీళ్ళు తాగుతున్నారు. సుధీర్ విజిల్ వేసి అందర్నీ దగ్గరికి పిలిచాడు, సైకిలు అంగడాయన ఏదో చెప్తాడంట అని.

హబీబుల్లా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తన పిల్లల వయసున్న మొహాలు కుతూహలంగా చూస్తున్నాయి. వాటిలో గండికోటలో నవ్విన మొహం ఏదో అతనికి గుర్తులేదు.

"లక్ష్మీప్రియ భయపడి పడల్యా," అన్నాడు. "ఆ పాప కాళ్ళు పొట్టి కాదు. నేను పెద్ద ఫ్రేమిచ్చినా. తెలిసీ ఇచ్చినా. కొలవడానికి సిగ్గుపడినా. పడినప్పుడు నేను ఆడే ఉండి నోరు మూసుకున్నా."

"తెలిసీ ఇచ్చినావా?" అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు, నమ్మలేనట్టు.

"తెలిసే."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. సుధీర్ మెడ వెనక రుద్దుకుంటూ లక్ష్మీప్రియ వైపు చూశాడు. "నేను కూడా సైకిలు వైపు చూడనేల్యా. నిన్నే అంటి," అన్నాడు. ఆమె తలూపింది, అంతే.

తర్వాత సైకిలు దగ్గరికి వచ్చింది. కాలు దాటించి నిలబడింది. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. హబీబుల్లా సీటు సరిచేయబోతే, "నేను చేసుకుంటా, స్పానర్ ఇట్లియ్యి," అని అడిగి తీసుకుంది. తనకు నచ్చినంత ఎత్తు పెట్టుకుంది. హ్యాండిలు మీద చేతులు చాపి, మోచేతులు బిగుసుకోకుండా వంగుతున్నాయో లేదో చూసుకుంది. మైదానం చివర మట్టి దిబ్బ దాకా వెళ్ళి, దాని మీద నుంచి దిగుతూ మధ్యలో కావాలనే ఆగింది. కాలు పెట్టింది. మళ్ళీ తొక్కింది.

హబీబుల్లా ఆమె తిరిగొచ్చి ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాడు. ఆమె రాలేదు. స్నేహితురాళ్ళతో కలిసి రోడ్డు మీదికి పోయింది, వేముల వైపు. సుధీర్ గేటు మూసేదాకా ఉండి, నల్ల సైకిలు చేత్తో నడిపించుకుంటూ అతను బస్టాండుకు బయల్దేరాడు.