అబూ సాలిహ్‌కు ఒప్పుకోని బెల్టు

అంగడి తెరిచాక చాంద్ బాషా మొదట చేసే పని తోళ్ళను పలకరించడం. మాటలతో కాదులెండి. నూనె అద్దిన పాత బనియన్ ముక్క తీసుకుని, మేకులకు వేలాడుతున్న బెల్టులు, గుర్రాల జీనులు, డేగల్ని పెంచేవాళ్ళు వేసుకునే చేతి తొడుగులు అన్నీ ఒక్కొక్కటిగా తుడుస్తాడు. ఆ తర్వాతే ఏసీ వేస్తాడు, ఆ తర్వాతే టీ. రంజాన్ నెలలో టీ ఉండదు కాబట్టి కోపం కాస్త పెందలాడే వస్తుంది. అది వచ్చీరాగానే లింబాద్రి మీద వాలుతుంది.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. సౌదీలోని ఖోబర్‌కు తాపీ పనికని వచ్చి, ఎండకు తట్టుకోలేక ఈ అంగట్లో సహాయకుడిగా చేరాడు. చాంద్ బాషాది ప్రొద్దుటూరు. ఖోబర్ అజీజియాలో జీను కావాలన్నా, బెల్టు కావాలన్నా జనం ఇతని దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్ళంతా ఓపిక కూడా తెచ్చుకుంటారు. ఎందుకంటే ఆ అంగడి బెల్టులు అందరికీ ఒప్పుకోవు. ఒప్పుకోని నడుముకు చుడితే, నిద్ర ముంచుకొచ్చిన చంటిపిల్ల కళ్ళలాగా బెజ్జాలు మూసుకుపోతాయి. బకిల్ ముల్లు ఎంత పొడిచినా దిగదు. ఏ నడుముది ఏ పనో తోలుకు తెలుసు. హైదరాబాద్ కాషిఫ్ ఆఫీసుకని సన్న బెల్టు కొనడానికొస్తే ఒక్కటీ పట్టలేదు. ట్రైలర్ డ్రైవర్ కోసం కుట్టిన వెడల్పాటిది మాత్రం చక్కగా పట్టేసింది. కాషిఫ్ దానికేసి ఒకసారి చూసి, కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు బురైదా నుంచి ఖర్జూరం లోడ్లు తోలుతున్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

ఎవరికీ ఒప్పుకోని బెల్టు ఒక్కటే ఉంది. గోడ చివర మేకుకు వేలాడే ఓబులేసు పనిబెల్టు. బెజ్జాలు పొడిచే ఆరె, తోలు కోసే రంపె, సూదులు, మైనం ముద్ద, అన్నిటికీ అందులో తలా ఒక జేబు. ఓబులేసు చాంద్ బాషాకు పని నేర్పిన పెద్దాయన. ప్రొద్దుటూరుకు తిరిగి వెళ్ళిపోతూ దాన్ని విప్పి మేకుకు తగిలించి, "నీ తర్వాత ఈ బల్ల దగ్గర కూర్చునే మనిషికి ఇది ఒప్పుకుంటాది. అంతదాకా నూనె మాత్రం మానొద్దు" అన్నాడు. వచ్చిన సహాయకులంతా చుట్టి చూశారు. చాంద్ బాషా నమాజుకు వెళ్ళినప్పుడల్లా లింబాద్రి దొంగతనంగా చుట్టి చూసేవాడు. పాపం, అతనికీ పట్టలేదు.

పరదేశీ పనివాళ్ళ కుటుంబాల మీద సర్కారు లెవీ పన్ను వేసిన ఏడు చాంద్ బాషా భార్య బద్రున్నీసా, కూతురు ఖాలిదా ప్రొద్దుటూరుకు వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఏడు అంగడికే ముప్పు వచ్చింది. సౌదీలకు కొలువులివ్వాలన్న నితాఖత్ లెక్కలో అంగడి ఎరుపులోకి పడింది. అంటే పనివాళ్ళలో సౌదీ మనిషి లేడని, వీళ్ళిద్దరూ దేశంలో ఉండడానికి కావాల్సిన ఇకామాలూ రెన్యువల్ కావని. వీళ్ళ వీసాలకు పూచీ ఉన్న కఫీల్ అబూ రాకాన్ తెలివిగా తన తమ్ముడి పేరు ఎక్కించాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే ఆ తమ్ముడు రియాద్‌లో నిద్రపోతున్నాడు.

"ఈసారి పేరు చాలదట, మనిషే కావాలట" అన్నాడు అబూ రాకాన్. "బక్రీదులోపు బల్ల దగ్గర సౌదీ మనిషి కూర్చోకపోతే మీ ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టించడమే."

లింబాద్రి మొహం వాడిపోయింది. చాంద్ బాషా మాత్రం చేతిలో కుట్టు ఆపలేదు. పోవడానికి అతనికి భయం లేదు. కానీ మెడపట్టి గెంటించుకుని, ఓబులేసు బెల్టును గోడకే వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. ఈ బల్లకు మనిషి దొరికేదాకా కదలనని ఆ పూటే తీర్మానించుకున్నాడు.

అలాంటి సమయంలో, రంజాన్ నెలలో, అబూ సాలిహ్ వచ్చాడు. అబూ రాకాన్‌కు స్వయానా మేనమామ. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకున్నా నిటారుగా నడుస్తాడు. వెనకే నల్లటి అబాయాలో కూతురు హెస్సా, చేతుల్లో గళ్ళ రుమాల్లో చుట్టిన మూట. ఆ మూటలో పాత రివాల్వర్, దాని లైసెన్సు కాగితం ఉన్నాయి. రివాల్వర్ అబూ సాలిహ్ తండ్రిది. అందులో తూటాలు లేక ఏళ్ళయింది.

"నా చిన్నప్పుడు మా నాన్న దహ్రాన్‌లో ఆయిల్ కంపెనీలో చేసేవాడు" అన్నాడు అబూ సాలిహ్. "క్యాంపులో టీవీ ఉండేది. అందులో టోపీలవాళ్ళు గుర్రాల మీద వచ్చేవాళ్ళు. తుపాకీ ఇక్కడ, తొడ మీద వేలాడేది. అలాంటి బెల్టు కావాలి. బక్రీదుకు మా తోటలో అందరం కలుస్తాం. ఒక్కసారి అది కట్టుకుని గుర్రం ఎక్కాలి."

అబూ రాకాన్ చాంద్ బాషాను పక్కకు లాగాడు. "ఆయన మనవడు ఖాళీగా ఉన్నాడు. బెల్టు కుదిరితే వాణ్ణి ఇక్కడ కూర్చోబెడతానన్నాడు. అర్థమైందా?"

అర్థం కాకేం. చాంద్ బాషా కుర్చీ వేసి, రకాలన్నీ బల్ల మీద పరిచాడు. తుపాకీ తొడుగు తిన్నగా వేలాడాలా, ముందుకు వాలాలా? తూటాలకు ఉంగరాలు కావాలా? తొడకు కట్టే తోలు తాడు ఉండాలా? చెక్కడం పువ్వులా, ఉత్త గీతలా? అబూ సాలిహ్ పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ అన్నీ కావాలన్నాడు. కొలత లింబాద్రి తీశాడు. చాంద్ బాషా తోలు నానబెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రివాల్వర్‌ను అందులో పెట్టి, నున్నటి ఎముక ముక్కతో అంచులు అదుముతుంటే హెస్సా కళ్ళార్పకుండా చూసింది.

"ఒక్క దారానికి రెండు సూదులెందుకు?" అని అడిగింది, అతను కుట్టు మొదలుపెట్టాక.

"ఒకవైపు తెగినా రెండోవైపు పట్టుకుని ఉండడానికి" అన్నాడు చాంద్ బాషా. ఆ అంగట్లో ఆమె మాట్లాడిన మొదటి మాట ఆ ప్రశ్నే. దాని గురించి ఇంకెవరూ ఆలోచించలేదు.

రంజాన్ పండగ వెళ్ళాక అబూ సాలిహ్ వచ్చాడు. బెల్టు నడుముకు రెండు వేళ్ళు చాలలేదు. చాంద్ బాషా లింబాద్రికేసి తిరిగాడు.

"కొలత ఎప్పుడు తీస్తివిరా?"

"రంజాన్లనే అన్నా, పగటీలి."

"పస్తున్న నడుము కొలిచి, పండగ తిన్న నడుముకు కడ్తామా? బుద్ధుండాదా నీకు? యాండ్ల కొద్దీ నా పక్కన కూసోని నేర్చుకునింది ఇదేనా?"

"నాకేమెర్కనే, నేను ఉపాసముంటనా ఏమన్ననా!" అన్నాడు లింబాద్రి. అది నిజమే. రంజాన్ నెలంతా అతను వెనక గదిలో తలుపేసుకుని నిక్షేపంగా భోంచేశాడు.

ఆ తప్పు లింబాద్రిదేనని అందరికీ మనసు కుదుటపడింది. చాంద్ బాషా ఇంకో పట్టీ కోశాడు, ఈసారి మధ్య బెజ్జం సరిగ్గా తుంటి మీదకు వచ్చేలా. అబూ సాలిహ్ మళ్ళీ వచ్చాడు. నడుము చుట్టూ తిప్పారు. పొడవు సరిపోయింది, వాలు సరిపోయింది, తొడుగు తొడ మీద ముచ్చటగా కూర్చుంది. బకిల్ ముల్లు దగ్గరికి రాగానే బెజ్జాలు అయిదూ మూసుకుపోయాయి.

 అబూ సాలిహ్ కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం లింబాద్రి గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "అన్నా, తోలును నానబెట్టి, తడి మీదనే కొత్త బెజ్జం కొడుదాం. తడి ఉన్నంత సేపు అది మూసుకోదు గదా. ఆయన సంబురపడి పోతడు, మనవణ్ణి పంపుతడు. మన ఇకామాలు ఐతయి."

"ఆరినాక?"

"ఆరినాక సూద్దాం తియ్యే."

"ఆరినాక ముసలాయన నడుము మీద బిగుసుకుంటాది, గుర్రం మీద ఉన్నప్పుడు. నా చేత్తో అట్లాంటిది చెయ్యను లింబాద్రీ. ఇకామా లేకపోతే లేకపాయ."

చెప్పడం సులువే. ఆ రాత్రి బద్రున్నీసా ఫోన్లో "ఏమైనాది?" అని అడిగినప్పుడు మాత్రం అతను ఖాలిదా సంగతి అడిగి మాట దాటేశాడు. దిగులేసింది, ఆమె మీద బెంగ కూడా కలిగింది. "తోలుతో అబద్ధం ఆడించమంటాండారు" అన్నాడు చివరికి. "మీరు ఆడించరు కదా, ఇంక నన్నెందుకు అడుగుతారు?" అంది ఆమె. దానితో అతనికి కాళ్ళ కింద నేల దొరికింది.

మర్నాడు అందరూ వచ్చారు. చాంద్ బాషా లేచి నిలబడి సూటిగా చెప్పేశాడు. "అబూ సాలిహ్, ఇది మీకు ఒప్పుకోవడం లేదు. నేను మోసం చేసి ఒప్పించగలను. చెయ్యను."

అబూ రాకాన్ మొహం కందగడ్డలా అయింది. "అయితే సామాను సర్దుకో! రేపే ఎగ్జిట్!"

"మిగతావి చూడనీ" అన్నాడు అబూ సాలిహ్ మేనల్లుడికేసి చూడకుండా. పట్టుదల గల మనిషి. నల్లవి, గోధుమవి, పువ్వులవి, ఉత్తవి, గోడమీది బెల్టులన్నీ ఒకటొకటిగా కట్టించుకున్నాడు. ఒక్కటీ పట్టలేదు. విప్పినవాటిని హెస్సా అందుకుని మేకులకు తగిలిస్తూ వచ్చింది. చివరికి తగిలించడానికి చోటు చాలక, గోడ చివర మేకుకున్న ఓబులేసు పనిబెల్టును తీసింది. రెండు చేతులూ నిండుగా ఉండడంతో దాన్ని నడుముకు ఆనించి మోచేత్తో అదిమి పట్టుకుంది.

బకిల్ దానంతటదే టక్కుమంది.

ఎవరూ నోరు తెరిచి చూడలేదు. లింబాద్రి మాత్రం "గీ బెల్టు కోసం నేనెన్నిసార్లు..." అని మొదలుపెట్టి, చాంద్ బాషా ఉన్నాడని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. అబూ సాలిహ్ కూతురి నడుముకేసి, తర్వాత బల్లకేసి చూశాడు. మనవడి పేరు చెప్పినవాళ్ళే గానీ, డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఈ పిల్ల పేరు ఇన్నాళ్ళూ ఎవరి నోటా రాలేదు. ఆయనకూ తట్టలేదు. ఆ సంగతి ఆయన మొహంలో తెలిసింది.

"ఆడపిల్ల..." అన్నాడు అబూ రాకాన్.

"లెక్కలోకి ఆడవాళ్ళు రారా?" అంది హెస్సా.

అబూ రాకాన్ ఆలోచించాడు. వస్తారు. నిక్షేపంగా వస్తారు.

"రేపట్నుంచి వస్తాను ఉస్తాద్" అందామె చాంద్ బాషాతో. అడగలేదు, చెప్పింది.

చాంద్ బాషాకు కళ్ళు చెమర్చాయి. అది కనిపించకుండా బల్ల కింద ఏదో వెతికాడు. తర్వాత లేచి తన పక్కన ముక్కాలి పీట జరిపాడు. "రేపెందుకు? కూర్చో. ముందు దారానికి మైనం పట్టించడం నేర్చుకో."

ఆడపిల్ల పనిచేసే చోటని అబూ రాకాన్ బల్లకూ బేరగాళ్ళకూ మధ్యలో చెక్క అడ్డు కట్టించాడు. అబూ సాలిహ్ ఒక కుర్చీ, గహ్వా కాఫీ ఫ్లాస్కు తెచ్చుకుని రోజూ వచ్చి కూర్చోసాగాడు. మొదట్లో హెస్సా వేళ్ళ నిండా సూదిపోట్లే. వంకర కుట్టు పడితే చాంద్ బాషా మొహమాటపడకుండా విప్పించేవాడు. ఆమె మళ్ళీ కుట్టేది. ఆడవాళ్ళు కార్లు తోలడం మొదలైన ఆ వేసవిలోనే లైసెన్సు తెచ్చుకుని తండ్రిని తనే అంగడికి తీసుకురావడం మొదలుపెట్టింది. తండ్రి బెల్టును కూడా తనే కొత్తగా కోసింది. కొలత భోజనం అయ్యాకే తీసింది.

బక్రీదు దగ్గరపడ్డాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రియాద్‌లో నిద్రపోయిన తమ్ముడి సంగతి అతను మరిచిపోలేదు.

"సౌదీ ఉద్యోగి ఎక్కడ?"

"కుట్టు మధ్యలో ఉంది, ఆగండి" అంది హెస్సా తలెత్తకుండా.

అతనికి అనుమానం తీరలేదు. తనను చూసి ఇప్పుడే కట్టుకుని కూర్చుందేమోనని, ఆ పనిబెల్టు ఒకసారి విప్పమన్నాడు. హెస్సా సూదులున్న రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అబూ సాలిహ్ వచ్చి బకిల్ లాగాడు, రాలేదు. లింబాద్రి తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో "పని అయ్యేదాకా అది ఊడదు సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టర్‌ది కూడా ఖోబరే, ఈ అంగడి బెల్టుల సంగతి తెలిసినవాడే. ఇంకేమీ అడక్కుండా రాసుకుని, వెళ్తూ వెళ్తూ తన కొడుక్కో చిన్న జీను కావాలని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం తండ్రి బెల్టుకు ఆఖరి ముడి పడింది. హెస్సా బకిల్ విప్పితే పనిబెల్టు మాట్లాడకుండా ఊడొచ్చింది. తను కుట్టిన బెల్టును తండ్రి నడుముకు తిప్పింది. ముల్లు మధ్య బెజ్జంలోకి దిగి ఆగింది. అబూ సాలిహ్ రివాల్వర్‌ను తొడుగులో పెట్టి, కర్ర అక్కడే మరిచిపోయి, అంగడి బయటిదాకా నడిచి వెనక్కి వచ్చాడు.

చాంద్ బాషా ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాడు. "ఇకామా అయితాది. నాదీ, లింబాద్రిదీ."

బద్రున్నీసా సంతోషంతో ఏడ్చింది. ఆ తర్వాత, "అయితే ఇప్పట్లో రారన్నమాట" అంది.

"వస్తా. ఇంగ వాళ్ళు పంపితే రావడం కాదు. ఈ పాపకు జీను కుట్టడం వచ్చినాక, బల్ల అప్పజెప్పి నేనే వస్తా."

"అది ఎప్పటికి వస్తాదో!"

చాంద్ బాషా చెక్క అడ్డుకు అవతల చూశాడు. హెస్సా ఓబులేసు బెల్టును మళ్ళీ కట్టుకుని, పిల్లవాడి జీనుకు తోలు పరుచుకుంటోంది. లింబాద్రి టేపు పట్టుకుని పక్కన నిలబడి, ఆ పిల్లవాడి కొలత భోజనానికి ముందు తియ్యాలా, తర్వాతా అని ఆమెను అడుగుతున్నాడు.

"వచ్చేస్తాదిలే" అన్నాడు చాంద్ బాషా. "నువ్వు మాత్రం ఆ ఓబులేసన్న ఇంటికి పోయి చెప్పిరా. బెల్టు ఒప్పుకునిందని చెప్పు."