కింద మనిషున్నాడు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. మబ్బు మేడల మీదికి దిగి తడిగుడ్డలా వేలాడింది. గాలి కదలని అలాంటి రోజున మురుగుగొయ్యిలో విషం పైకి పోదు, అడుగునే కూర్చుంటుంది. గొయ్యి దిగేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. కాంట్రాక్టరుకూ తెలుసు. అయినా దించాడు.

దిగినవాడు తాడక్క తమ్ముడు. పైన నిలబడి బకెట్టు తాడు లాగే పని ఆమెది, అందుకే ఆ పేరు. కాంట్రాక్టరు ఇచ్చింది ఒకటే తాడు, అదీ బురద బకెట్టుకు. మనిషి నడుముకు కట్టడానికి తాడు లేదు. మనిషికి ఉన్నదల్లా చేతిలో ఇనపకడ్డీ. లోపలి ఇనపమెట్టు మీద ఒక దెబ్బ కొడితే, బాగానే ఉన్నాను, బకెట్టు లాగండి అని. రెండు దెబ్బలు కొడితే, నన్నే లాగండి అని. అందుకని వాళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు లోపలుంటే పైన ఎవరూ నోరు మెదపరు. దగ్గొచ్చినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. దారినపోయేవాడెవడైనా గొంతు పెంచితే "కింద మనిషున్నాడు" అంటారు. ఆ మాటకు ఎంత వాగుడుకాయైనా ఆగిపోవలసిందే.

ఆ రోజు నోరు ఆపనిది మేయరు బండి ఒక్కటే.

వారానికోసారి ఆ బండి ఊరంతా తిరుగుతుంది. దాని నెత్తిన మైకులు. ముందు డోలుపాట, తరువాత 'మీ మేయరు మనసులో మాట', చివర ఊరి కబుర్లు. ఎవరింట పిల్ల పుట్టింది, గ్రంథాలయం ఏ వేళకు తెరుస్తారు, కుళాయి ఏ పూట వస్తుంది, అన్నీ చెబుతారు. గొయ్యి మూత తీసి ఉండటంతో బండికి దారి లేక అక్కడే నిలిచిపోయింది. తాడక్క చెయ్యి ఊపింది. కింద మనిషున్నాడని అరిచింది. మనసులో మాట మధ్యలో ఆపితే తన ఉద్యోగం పోతుందని డ్రైవరు అద్దం ఎత్తేసుకున్నాడు. డోలు మోగుతూనే ఉంది. ఆ మోతలో ఎక్కడో వేరే దెబ్బ వినబడినట్టయింది ఆమెకు. డోలేననుకుంది. పాట అయిపోయి మేయరుగారి మెత్తటి గొంతు వచ్చింది. పొద్దున మనవరాలు గులాబీ మొక్కను చూపించి, ఊరు కూడా ఇలా పెరుగుతుందా తాతయ్యా అని అడిగిందట. ఆయన కళ్ళు చెమర్చాయట.

బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళాక చూస్తే, కింద అలికిడి లేదు. తాడు వదిలితే తాడే తిరిగివచ్చింది.

మళ్ళీ వారం బండి వచ్చినప్పుడు తాడక్క వాకిట్లో కూర్చుని ఉంది. మేయరు గొంతు ఈసారి మరింత మెత్తగా ఉంది. "ఒక కార్మిక సోదరుడు ఎవరూ చెప్పకుండానే, తొందరపాటున గొయ్యి దిగి కన్నుమూశాడు. నా మనసు భారమైంది. ఇక ఊరి కబుర్లు. పార్కులో కొత్త బల్లలు వేశాం."

పారలూ గంపలూ పెట్టుకునే రేకుల షెడ్డులో ఆ మధ్యాహ్నమే అందరూ చేరారు. అదే గొయ్యి మళ్ళీ పూడింది, మురుగు ఇళ్ళల్లోకి ఎగదన్నుతోంది, రేపు ఇంకొకణ్ణి దించమని కబురొచ్చింది. వంతు పొడుగోడిది. పెళ్ళయి ఏడాది తిరగనివాడు. రోడ్లూడ్చే ముసలమ్మ ముక్కు చీదింది. "వాడు మనసులో మాట చెప్పి మన నోట్లో మట్టి కొట్టాడు" అంది. మేస్త్రీ నెమ్మదిగా సర్దిచెప్పబోయాడు. అందరూ కలిసి ఒక దండం పెడితే పోయేదేముంది, నీళ్ళలో ఉంటూ మొసలితో వైరమా అన్నాడు.

"మనమున్నది నీళ్ళలో కాదు మేస్త్రీ, వాళ్ళ మురుగులో" అన్నాడు పొడుగోడు.

ఎవరో నవ్వారు. తాడక్క నవ్వలేదు. వారం రోజులుగా గొంతులో అడ్డంపడ్డ మాట అప్పుడు బయటపెట్టింది.

"వాడు కొట్టాడ్రా. నేను డోలనుకున్నాను."

పొడుగోడు వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చెవులు నీవే అక్కా. మోత ఎవరిది? ఒక్క తాడుతో దించింది ఎవరు? నువ్వు చేసిన తప్పని ఒంటరిగా ఏడిస్తే వాళ్ళకంతకన్నా కావలసిందేముంది" అన్నాడు. ఆ మాట మీద చాలాసేపు వాదన నడిచింది. చివరికి మేస్త్రీ కూడా తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. ఎవరూ దిగకూడదు. మనిషిని దించింది తామేనని మేయరు అదే మైకులో చెప్పాలి. అప్పటిదాకా గొయ్యి చుట్టూ కూర్చోవాలి.

పొద్దున మేయరే స్వయంగా వచ్చాడు, బండితో, పోలీసులతో. మేడల మీద జనం ముక్కులు మూసుకుని చూస్తున్నారు. ఆయన తాడక్క ముందుకొచ్చి, అమ్మా, నీ తమ్ముడి గురించి వచ్చే వారం నాలుగు మంచి మాటలు నేనే చెబుతాను, ముందు పని కానివ్వండి అన్నాడు. ఆ గొంతులో దయ ఉంది. దానికే ఆమెకు భయం వేసింది.

"మంచి మాటలు వద్దు బాబూ. దించింది మీరేనని చెప్పండి" అంది.

అది విచారణలో తేలవలసిన సంగతి అని ఆయన మైకు అందుకుని జనం వైపు తిరిగాడు. ప్రియమైన పౌరులారా అన్నాడు. తాడక్క గడ్డపార ఎత్తి గొయ్యి మూత మీద రెండు దెబ్బలు కొట్టింది. ముసలమ్మ పారతో కొట్టింది. తరువాత అందరూ. రెండేసి దెబ్బలు, ఆగి, మళ్ళీ రెండు. మురుగు ఎక్కిన ఇంట్లోంచి ఒక ఇల్లాలు ఆ మోత ఏమిటని అడిగింది. మేస్త్రీ చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి గరిటె తెచ్చి కిటికీ చువ్వల మీద మొదలుపెట్టింది. పై మేడవాళ్ళు అందుకున్నారు. మేయరు పెదవులు ఆడుతున్నాయి, మాట వినబడలేదు.

లాఠీలు దిగాయి. అందరినీ లారీ ఎక్కించి ఠాణా వరండాలో కూలేశారు. పొడుగోణ్ణి మాత్రం వేరుగా లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశారు.

సాయంత్రం ఆ ఇల్లాలు ఇంకో ఇద్దరితో కలిసి అన్నం గిన్నెలు తెచ్చింది. వాపెక్కిన చేతులతోనే అందరూ పళ్ళేలు అందుకున్నారు. ఒక పోలీసు, పళ్ళేలు చాలుతాయా, ఇంకెంతమంది వస్తారేమిటి మీ పెళ్ళికి అని వేళాకోళమాడాడు.

"కింద మనిషున్నాడు" అంది ముసలమ్మ మూసిన తలుపు వైపు చూస్తూ.

ఎందుకో అతను కూడా ఊరుకున్నాడు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. గిన్నెకు గరిటె తగలకుండా వడ్డించుకున్నారు. ముద్ద కలుపుతున్నారు, నములుతున్నారు, చెవులు మాత్రం ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. మేస్త్రీకి దగ్గొస్తే తలపాగా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

లోపల ఇనపచువ్వ మీద ఒక దెబ్బ పడింది. ఆగింది. అంతలోనే రెండోది.

తాడక్క ముద్ద పళ్ళెంలో వదిలి లేచింది. ఈసారి విన్నది ఆమె ఒక్కతే కాదు. వరండాలో ఉన్నవాళ్ళందరూ, అన్నం తెచ్చిన ఆడవాళ్ళతో సహా, ఎంగిలిచేతులతోనే ఆ తలుపు వైపు నడిచారు.