ట్రూఫా ఎవరి కుక్క?

ట్రూఫా వాసన చూశాక ఏమీ లేదని పంపేసిన టమాటా లారీలో, జలసంధి దాటగానే, స్పెయిన్ పోలీసులకు ఎనిమిది వందల కిలోల హషీష్ అనే మత్తుసరుకు దొరికింది.

ఇవతలి ఒడ్డున, మొరాకోలోని టాంజియర్ రేవులో కుక్కల దళం అధికారి కెంజా బూహ్లాల్. ఫోన్ పెట్టేసేసరికి ఆమె చేతిలో పుదీనా టీ చల్లారిపోయింది. రెండు దేశాలూ ఏడాదిగా కలిసి నడుపుతున్న తనిఖీ ఇది. కుక్కను ఇచ్చింది స్పెయిన్. దానికి తర్ఫీదిచ్చే ఎనెకో కూడా అక్కడివాడే. గొలుసు పట్టుకుని లారీల చుట్టూ తిప్పేది మాత్రం మొరాకో పోలీసు అబ్దెలిలా.

ఆమె ఇద్దర్నీ పిలిపించింది.

"దాని ముక్కు చెడింది మేడమ్," అన్నాడు అబ్దెలిలా. "ఈ దొరగారు చీజు ముక్కలు మేపి మేపి పాడుచేశాడు."

ఎనెకో నవ్వాడు. "నువ్వు సార్డీన్ చేపలు పెట్టడం లేదూ?"

"నేను పెడితే మూతి తిప్పుకుంటుంది మహారాణి! నువ్వు ఈల వేస్తే తోకాడుతుంది. నేను గొంతు చించుకున్నా చెవి కూడా కదలదు."

"నువ్వేమో దాన్ని 'నువ్వారా' అని మీ అరబ్బీ పేరుతో పిలుస్తున్నావు. దాని పేరు ట్రూఫా."

"మా నేల మీద తిరిగేదానికి మా పేరే ఉండాలి!"

"చాలు, ఆపండి," అంది కెంజా. ఆగివున్న లారీల్లో ఒకదాని చక్రం వెనక హషీష్ పొట్లం దాచి, కుక్కను తిప్పమంది. ట్రూఫా సరిగ్గా ఆ లారీ దగ్గరే చతికిలబడింది. సరుకు ఇక్కడుందని చెప్పడానికి అది నేర్చిన పద్ధతి అదే. కూర్చుని, గొలుసు పట్టుకున్నవాడిని వదిలేసి, దూరాన నిలబడ్డ ఎనెకోకేసి చూసి తోకాడించింది.

పెళ్లాం పరాయివాడి హాస్యానికి పగలబడి నవ్వడం చూసిన మొగుడిలా అబ్దెలిలా ముఖం మాడిపోయింది. కెంజాకు ఆ ముఖం తెలుసు. చెల్లెలికి రబాత్‌లో పెద్ద పదవి వచ్చిన రోజు అద్దంలో తనకు కనిపించింది అదే.

సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి కబురొచ్చింది: ఒకసారి తప్పిన కుక్కను నమ్మలేం, వెనక్కి పంపండి, ఉమ్మడి తనిఖీ ఇంతటితో ఆపేస్తున్నాం.

ఎనెకో బోను తెచ్చాడు. ట్రూఫా ఎగిరి అందులోకి దూకింది.

"దీన్నేం చేస్తారు?" అనడిగాడు అబ్దెలిలా.

"కొలువు పోయిన కుక్కేగా. మా ఇంట్లో పెంచుకుంటాను."

అబ్దెలిలా చటుక్కున బోను తలుపు పట్టుకున్నాడు. ఎనెకో లాగినా వదల్లేదు.

కెంజా దగ్గరికొచ్చింది. "ఆ టమాటా లారీ దగ్గర ఇది కూర్చుందా, లేదా? నిజం చెప్పు."

"కూర్చుంది మేడమ్. చక్కగా కూర్చుంది. కూర్చుని వీడికోసం వెతికింది. వీడేమో అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. తిండి పెట్టేది నేను, దానికి జ్వరమొస్తే పక్కన పడుకున్నది నేను, చూసేది మాత్రం వీణ్ని! ఒళ్లు మండిపోయింది. గొలుసు లాగేసి, ఏమీ లేదని చెప్పి లారీని వదిలేశాను. ఎవడి దగ్గరా ఒక్క దిర్హమ్ కూడా ముట్టలేదు. అవతల ఎలాగూ పట్టుకుంటారు, తప్పు తర్ఫీదుదని తేలుతుంది, వీడు పడవెక్కి పోతాడనుకున్నా. దీన్ని కూడా పట్టుకుపోతాడని అనుకోలేదు. నన్ను జైల్లో వేయండి మేడమ్. దీన్ని మాత్రం వాడికివ్వకండి."